కిచెనర్‌లో దీవెన సాక్ష్యం

కెనడా వెళ్లొచ్చానని తెలియగానే కాకినాడలో ఎవరైనా ముందు అడిగేది నయాగరా గురించే. చూడలేదండీ. కారులో పోతే గంటన్నరలో చేరే దూరం దాకా వెళ్లి కూడా చూడలేదు. "అయ్యో, అంత ఖర్చు పెట్టుకుని..." అని నా మీద జాలిపడి వెళ్లిపోతారు. అసలు సంగతి వినే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే రాస్తున్నాను. చదివేవాళ్లు మధ్యలో లేచి వెళ్లరని ఆశ.

ముందు నా సంగతి. చాలా ఏళ్లుగా జర్మన్ భాష చెబుతున్నాను. జర్మనీ ఆసుపత్రుల్లో ఉద్యోగాల కోసం నర్సింగ్ చదివిన ఆడపిల్లలు ఎక్కువగా వస్తారు. నా నోటికి జడిసి సగం మంది మొదటి నెలలోనే మానేస్తారు. మిగిలినవాళ్లు ఏ దేశంలో ఉన్నా పండక్కి ఫోన్ చేస్తారు. దీవెన ఆ మిగిలినవాళ్లలో ఒక పిల్ల. అమలాపురం అవతల పల్లెటూరు. చర్చిలో పాడి పాడి బాగా తెరుచుకున్న గొంతు, నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట.

ఆ పిల్లతో ఒక జర్మన్ నవల చదివించాను. చిన్నదే, పాతదే. ఇళ్లలో పనిచేసుకుంటూ గౌరవంగా బతికే యువతి ఒకామె. ఆమె ఇంటికి వచ్చిన మనిషి కోసం పోలీసులు వెతుకుతున్నారని తేలుతుంది. ఇక ఒక పత్రిక ఆమె వెంటపడి, రోజుకో అబద్ధం అచ్చేసి, ఊళ్లో తలెత్తుకోనివ్వకుండా చేస్తుంది. ఇంకా కొన్ని పేజీలు ఉండగా దీవెనకి కెనడా కాలేజీలో సీటు వచ్చింది. మన పిల్లలంతా వెల్లువలా అటు పరుగెత్తిన రోజులవి. జర్మనీ మానేసి తనూ వెళ్లింది. వెళ్లేముందు, "చివరికి ఏమవుద్ది మేడమ్?" అని అడిగింది. నేను చెప్పలేదు. చదవని పుస్తకానికి ముగింపు చెప్పే అలవాటు నాకు లేదు.

ఈసారి నా మేనకోడలు శ్రావణి వాంకూవర్ రమ్మని టికెట్ పంపితే, ఆ నవలని చేతిసంచిలో వేసుకున్నాను, అక్కడినుంచి దీవెనకి పోస్టు చేద్దామని.

వాంకూవర్: పోపు తెచ్చిన తంటా

వాంకూవర్‌లో వాన మన వానలా కురిసి వెలిసిపోదు. సణుగుతూనే ఉంటుంది. శ్రావణీ, అల్లుడు కిరణూ అమెరికాలో కొన్నేళ్లు ఉద్యోగాలు చేసి, అక్కడ గ్రీన్ కార్డు కోసం ఎదురుచూసి విసిగి, ఇటు వచ్చేశారు. వాళ్లు ఆఫీసు పనిలో కూర్చుంటే నేను గొడుగు వేసుకుని వీధుల్లో తిరిగేదాన్ని.

అక్టోబరు కాబట్టి ప్రతి ఇంటి మెట్ల మీదా గుమ్మడికాయే. మన దగ్గర దిష్టి తగలకుండా బూడిద గుమ్మడికాయ పైన వేలాడదీస్తాం, వీళ్లు ఎర్ర గుమ్మడికాయకి కళ్లూ పళ్లూ చెక్కి కింద కూర్చోబెడతారు. దేవుడిచ్చిన కాయ ఒకటే, ఎవరి భయం వాళ్లది. ఒక కొట్లో టీ అడిగాను. బోర్డు మీద నాలుగు డాలర్లు, చేతికిచ్చిన బిల్లులో అంతకంటే ఎక్కువ. ఇక్కడ పన్ను తర్వాత కలుపుతారట. ధర అంతా ముందే ముద్రించి ఉండే దేశం నుంచి వచ్చినదాన్ని, ఆ పిల్లాడితో వాదన పెట్టుకున్నాను. ఓడిపోయాను. టీ కూడా బాగాలేదు. వేడినీళ్లలో ఒక పొట్లం వేలాడుతోంది, పాలు విడిగా ఇచ్చారు, కలుపుకోవాల్సింది నేనే.

ఆ సాయంత్రం విసుగు తీర్చుకోవడానికి పప్పుచారు పెట్టాను. ఇంగువా, ఎండుమిర్చీ నూనెలో వేశానో లేదో ఇల్లంతా కూత మొదలైంది. పొగ అలారం. శ్రావణి తువ్వాలు తీసుకుని కప్పుకేసి ఊపుతోంది, కిరణ్ కిటికీలు తెరుస్తున్నాడు, నేను గరిట పట్టుకుని నిలబడిపోయాను. పక్కింటివాళ్లు తలుపు తట్టి మరీ క్షేమం కనుక్కుని వెళ్లారు.

మర్నాడు శనివారం. స్నేహితులని భోజనానికి పిలిచారు. ఇళ్ల ధరలూ, శాశ్వత నివాసానికి కావాల్సిన పీఆర్ పాయింట్లూ అయ్యాక మాట కొత్తగా వచ్చిన స్టూడెంట్ల మీదకి మళ్లింది. వీళ్లంతా ఒకప్పుడు స్టూడెంట్లే, అయినా ఆ మాట అనేటప్పుడు ముక్కు చిట్లిస్తారు. ఒకాయన ఫోన్ తీశాడు.

"ఆంటీ, ఇది చూశారా? మీ కాకినాడ వైపు అమ్మాయేనంట."

తెలుగు వెబ్ ఛానల్ ఒకటి. 'కెనడా బేస్‌మెంట్‌లో తెలుగమ్మాయి గుట్టు రట్టు' అని ఎర్రటి అక్షరాలు. వాటి కింద ఎడమ బుగ్గ మీద సొట్టతో నవ్వుతున్న దీవెన. ఆమె భుజం మీద ఎవరిదో చెయ్యి, నల్లటి వాచీతో. ఆ చెయ్యి చుట్టూ ఎర్రటి సున్నా గీసి, 'ఈ చెయ్యి ఎవరిది?' అని రాశారు. చుట్టూ కూర్చున్నవాళ్లు నవ్వారు.

"ఈ అమ్మాయి నా స్టూడెంట్" అన్నాను.

నవ్వు ఆగింది. కిరణ్ సర్దిచెప్పబోయాడు. "అత్తయ్యగారూ, మీకు తెలిసిన అమ్మాయే అయ్యుండొచ్చు. కానీ నిప్పు లేందే పొగ రాదంటారు కదండీ."

"నిన్న నీ ఇంట్లో పొగ వచ్చింది. ఎక్కడ తగలబడిందో చూపించు నాయనా."

శ్రావణి నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది. కోపం వచ్చింది, దాచుకోను. దీవెనకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెసేజ్‌కి చాలాసేపటికి జవాబొచ్చింది: 'బాగానే ఉన్నా మేడమ్. మీరు రావద్దు.' క్లాసులో అర్థంకాని పాఠానికి కూడా 'అర్థమైంది మేడమ్' అనే పిల్ల అది. టొరంటోకి టికెట్ తీయించాను. పుస్తకాన్ని పోస్టు చేసే పని తప్పింది.

వాన్: నేల కింద ఇల్లు

టొరంటో పక్కన వాన్ అనే ఊరు. ఎటు చూసినా గోడౌన్లు, వాటి ముందు లారీలు, బస్టాపుల్లో వీపున సంచులతో మన పిల్లలు. దారిలో ఒక సూపర్ మార్కెట్ ముందు సినిమా హాలు ముందున్నంత వరస కనిపించింది. ఏం పంచుతున్నారని అడిగాను. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన సింధు నవ్వి, "జాబ్ మేళా మేడమ్. ఉన్నయి రెండు పోస్టులు" అంది. సింధు దీవెన రూమ్మేట్. ఆమె ఫోన్లో నా మెసేజ్ చూసి, ఆమెకి తెలియకుండా నాకు అడ్రసు పంపింది. వరంగల్ పిల్ల, అవసరమైతే ఎవరితోనైనా పోట్లాడి మరీ సాయం చేసే రకం.

పై ఇంట్లో ఇంటాయన కుటుంబం, కింద నేలమాళిగలో ఐదుగురు ఆడపిల్లలు. దానికి దొడ్డిదారి. కిటికీలోంచి చూస్తే పచ్చిక వేళ్లు కనబడతాయి. దీవెన పొయ్యి దగ్గర ఉంది. నన్ను చూసి గరిట దించి, "వద్దన్నాను కదండీ" అంది. తర్వాత నా భుజం మీద తల ఆన్చి ఏడ్చింది. నేను ఓదార్చడం తెలిసినదాన్ని కాదు. "కూర మాడుతోంది" అన్నాను.

కోడిగుడ్డు పులుసూ, గోంగూర పచ్చడీ వేసుకుని తింటూ ఆ పిల్లలు జరిగినదంతా చెప్పారు.

మన వైపు నుంచి కొత్తగా దిగినవాడికి రూమ్ దొరికేదాకా, అప్పటికే ఉన్నవాళ్లు చోటివ్వడం అక్కడ ఆనవాయితీ. ఆడా మగా, కులం మతం చూడరు. ఊరి పేరు చెబితే హాల్లో పక్క పడుతుంది. వీళ్లూ ఒకప్పుడు అలా ఎవరిదో హాల్లో పడుకున్నవాళ్లే. అదే విధంగా తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఒక అబ్బాయికి వారాంతం చోటిచ్చారు. అడిగింది దీవెన చర్చి స్నేహితురాలు కాబట్టి, సరేనన్నది దీవెన. అతను దొంగ కార్డులతో పార్సిళ్లు తెప్పించుకునే ముఠాలో ఇరుక్కున్నాడని వీళ్లకి తెలియదు. సోమవారం పొద్దున్న పోలీసులు వచ్చి అతన్ని తీసుకెళ్లారు. దీవెనని స్టేషన్‌కి పిలిచి అడిగారు. చెప్పింది విన్నారు, సాక్షిగా పేరు రాసుకున్నారు, కారులో తెచ్చి ఇంటి దగ్గర దింపారు.

"పోలీసాయన సారీ కూడా చెప్పాడు మేడమ్, డ్యూటీకి లేట్ అయ్యిందని" అంది దీవెన. "అక్కడితో అయిపోయిందనుకున్నాను."

అక్కడితోనే మొదలైంది. పోలీసు కారులోంచి దిగుతుండగా ఎవరో వీధిలోంచి వీడియో తీశారు. అది ఛానల్‌కి చేరింది. ఫోటో దీవెన పుట్టినరోజుది, ఇన్‌స్టాగ్రామ్ నుంచి లాగారు. అందులో ఐదుగురూ ఉన్నారు. నలుగురిని కత్తిరించారు. భుజం మీద చెయ్యి మాత్రం కత్తిరిస్తే తెగలేదు. లేదా కావాలనే ఉంచారు.

"ఇగో మేడమ్, ఈ చెయ్యే" అని సింధు తన ఎడమ చెయ్యి నా ముందు పెట్టింది. నల్లటి వాచీ. "దేశమంతా నన్ను మొగోడు అనుకుంటున్నది."

అందరం నవ్వాం. దీవెన కూడా నవ్వింది, అంతలోనే ఆపేసింది. దీవెన పనిచేసే గోడౌన్‌లో షిఫ్టులు వేసే అతనూ తెలుగువాడే. వీడియో వచ్చిన వారం నుంచి ఆమెకి పిలుపులు తగ్గాయి. ఊళ్లో వాళ్లమ్మ అంగన్‌వాడీ టీచరు, పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లులు ఆమెని చూసి గుసగుసలాడుతున్నారట. కానీ దీవెనని అన్నిటికంటే కుంగదీసింది చర్చి.

మొదటి ఏడాది ఆమె కాలేజీ, బస్సు దూరంలో ఉన్న కిచెనర్ అనే ఊళ్లో. అక్కడి తెలుగు చర్చిలో పాటల బృందంలో చేరింది. పని కోసం వాన్‌కి మారినా చర్చి మారలేదు, ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్లేది. ఆ చర్చికి వాట్సాప్‌లో ఒక ప్రార్థన గ్రూపు ఉంది. ఎవరికైనా వీసా రావాలన్నా, మోకాలి నొప్పి తగ్గాలన్నా, డ్రైవింగ్ టెస్ట్ పాసవ్వాలన్నా అందులో పెడితే అందరూ ప్రార్థిస్తారు. మంచి అలవాటే. ఆ మంచి అలవాటులోనే దీవెన వీడియో లింకు వచ్చింది: 'మన సహోదరి దారి తప్పింది, భారంతో ప్రార్థించండి.' భారంతో ప్రార్థించేవాళ్లు భారంగానే ఇంకో గ్రూపుకి పంపారు. అలా అమలాపురం దాకా, ఇటు వాంకూవర్ భోజనాల బల్ల దాకా చేరింది. తిట్టడానికి పంపినవాళ్ల కంటే ప్రార్థించమని పంపినవాళ్లే ఎక్కువ.

"ఈ ఆదివారం రమ్మన్నారండి" అంది దీవెన, కంచం వైపు చూస్తూ. "సాక్ష్యాల టైములో ముందుకొచ్చి ఒప్పుకోమన్నారు. ఒప్పుకుంటే ప్రార్థన చేసి మళ్లీ పాటల్లోకి తీసుకుంటారంట."

"ఏం ఒప్పుకోవాలట?"

"ఏదో ఒకటండి. తప్పయిపోయిందంటే చాలంట. లేకపోతే ఇంక... ఒక్కోసారి అనేద్దామనిపిస్తది మేడమ్. ఒక్క నిమిషం పని. అందరూ మళ్లీ మాట్లాడతారు కదా."

చెయ్యని తప్పు ఒప్పుకుంటే మనుషులు దక్కుతారు, ఒప్పుకోకపోతే ఒంటరి. ఆదివారం లోపల ఆ పిల్ల తేల్చుకోవాల్సింది అదీ. నాకు మింగుడు పడలేదు. నేనేం చెయ్యాలో ఆ క్షణమే నిర్ణయించుకున్నాను: నిర్ణయం నేను చెప్పకూడదు, చివరిదాకా పక్కన ఉండాలి. సలహాలు ఇవ్వకుండా ఉండటం నాలాంటి నోటిదురుసు మనిషికి ఎంత కష్టమో మా వాళ్లని అడగండి.

ఛానల్ వాడితో మాట

అయినా ఒక ప్రయత్నం చేశాం. ఛానల్ నంబరు పట్టి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఆ వీడియో తీసెయ్యమని అడిగాను.

"మేడమ్, నమస్తే మేడమ్" అన్నాడు అవతలి కుర్రాడు. ఎంత మర్యాదో! "మేమేమీ తప్పు చెప్పలేదు మేడమ్. ప్రశ్న అడిగాం, అంతే. చెయ్యి ఎవరిది అని."

"సింధు అనే అమ్మాయిది. ఇప్పుడు తెలిసింది కదా, తీసెయ్యి."

"అయ్యో, అయితే సూపర్ మేడమ్! అమ్మాయిని లైవ్‌కి తీసుకురండి. ఎక్స్‌క్లూజివ్ చేద్దాం. 'కన్నీళ్లతో నిజం చెప్పిన దీవెన' అని పెడదాం. కొంచెం ఏడిస్తే మనకి ఇంకా..."

దీవెన నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "నేను ఏడవనండి" అని చెప్పి పెట్టేసింది. నేను వచ్చాక ఆమె గట్టిగా అన్న మొదటి మాట అది. ఆ రోజు సాయంత్రం నా సంచిలోంచి పుస్తకం తీసిచ్చాను. చేతులు తుడుచుకుని మరీ అందుకుంది.

బస్సులో చివరి పేజీలు

ఆదివారం కిచెనర్ బస్సెక్కాం, ముగ్గురం. సింధుకి దేవుడితో పెద్ద పరిచయం లేదు. "చర్చి కాదు మేడమ్, దీవెన కోసం వస్తున్న" అంది. బస్సు దిగాలంటే తాడు లాగాలని నాకు తెలియదు. దారిలో ఒక చర్చి చూసి, "ఇదేనా? ఆపండి, ఆపండి!" అని మన ఆర్టీసీలో అరిచినట్టు అరిచాను. డ్రైవరు నిజంగానే కంగారుపడి ఆపాడు. మా స్టాపు కాదది. బస్సంతా నన్నే చూస్తోంది. సింధు నా తరఫున అందరికీ సారీ చెప్పింది.

దారి పొడవునా చెట్లు ఎరుపూ పసుపూ తిరిగి ఉన్నాయి. అందరూ అవి చూడ్డానికే అక్టోబరులో వస్తారట. దీవెన తలెత్తలేదు. పుస్తకం మీద వేలు పెట్టుకుని, తెలియని మాట దగ్గర నా మోచెయ్యి తట్టి అడుగుతూ చదువుతోంది. ముగింపు నాకు తెలుసు. ఆ కథలో యువతి చివరికి పత్రిక వాణ్ణి పిలిచి తుపాకితో కాలుస్తుంది. ఇలాంటి పొద్దున్న ఈ పిల్లకి ఇవ్వాల్సిన పుస్తకమేనా అని నన్ను నేను తిట్టుకున్నాను.

చివరి పేజీ అయ్యాక పుస్తకం మూసింది.

"ఈవిడ తప్పు మనిషిని పట్టుకుందండి" అంది.

"కాల్చడమే తప్పు."

"అది సరేనండి. వాడు పోయినా తెల్లారి పేపరు వచ్చుంటది కదా? కొనేవాళ్లు కొనే ఉంటారు. రాసినోడు ఒక్కడు మేడమ్. చదివి పక్కోళ్లకి చెప్పినోళ్లు ఊరంతాను. ఈవిడ పోలీసులకే నిజం చెప్పింది. ఊరికి చెప్పలేదు. చెప్పే చోటు లేదు పాపం ఈవిడకి. నాకుంది" అంది.

చాలా ఏళ్లుగా ఆ నవల పాఠం చెబుతున్నాను. ఏ పిల్లా అలా చదవలేదు. నేనూ చదవలేదు.

కిచెనర్: అద్దె గుడిలో ఆదివారం

పొద్దున్న ఇంగ్లీషువాళ్ల ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం అదే హాలుని తెలుగువాళ్లు అద్దెకి తీసుకుంటారు. చెప్పులు బయట విప్పే అలవాటు చలికి పోయింది, బూట్లతోనే లోపలికి. వెనక గదిలోంచి బిర్యానీ వాసన. పాటలు మొదలయ్యేసరికి నాకు భీమవరంలోనో, రాజమండ్రిలోనో ఉన్నట్టనిపించింది. పిల్లలు మాత్రం వెనక వరసల్లో ఇంగ్లీషులో పోట్లాడుకుంటున్నారు.

పాస్టరు గారి భార్యని అందరూ విమలాంటీ అంటారు. భీమవరం ఆవిడ. మా దగ్గరికి వచ్చి దీవెన తల నిమిరింది. చెడ్డమనిషి కాదు, అదే అసలు కష్టం. దీవెన మొదటి చలికాలంలో తన కోటు తీసిచ్చిందట.

"వచ్చావా అమ్మా, సంతోషం. భయపడకు. ఒక్క మాట అనేస్తే అయిపోద్ది. దేవుడు క్షమిస్తాడు, మేమందరం మర్చిపోతాం."

"సరే ఆంటీ. ముందుకొస్తాను" అంది దీవెన. ఒప్పుకుంటానని మాత్రం అనలేదు. ఆవిడ గమనించలేదు, నేను గమనించాను.

దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చింది. ఒకాయన పీఆర్ వచ్చిందని చెప్పాడు, ఒకామెకి ఆపరేషన్ బాగా జరిగింది. ఒక్కోదానికీ హాలంతా 'ఆమెన్' అంది. తర్వాత పాస్టరు గారు గొంతు సవరించుకుని, "మన బిడ్డ దీవెన ఈరోజు తన హృదయాన్ని విప్పాలనుకుంటోంది" అన్నారు.

దీవెన మైకు తీసుకుంది.

"అందరికీ వందనాలండి. నేను ఒప్పుకోడానికి రాలేదండి, సాక్ష్యం చెప్పడానికి వచ్చాను. సాక్ష్యమంటే జరిగింది జరిగినట్టు చెప్పడమని చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్పారు."

పాస్టరు గారు కుర్చీలో ముందుకు జరిగారు. విమలాంటీ ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

"రూమ్ లేని ఒకబ్బాయికి మా హాల్లో చోటిచ్చాం. మేం ఐదుగురం ఒప్పుకునే ఇచ్చాం. అతను చేసిన పని మాకు తెలీదు. పోలీసులకి అదే చెప్పాను, వాళ్లు నమ్మారు. నేను మీ పిల్లలతో కలిసి పాడాను, మీ ఇళ్లలో అన్నం తిన్నాను. మీరు నమ్మలేదు. అంకుల్స్, ఆంటీస్, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఈ దేశంలో దిగిన రోజు మీరెక్కడ పడుకున్నారండి? ఎవరిదో ఒకరి హాల్లో కాదా? ఆ ఇంటోళ్లు మీ గురించి ముందే అన్నీ తెలుసుకుని పక్కేశారా?"

ముందు వరసలో ఒక పెద్దాయన తల దించుకున్నాడు. వెనక ఒకాయన లేచి బయటికి వెళ్లిపోయాడు. తలుపు చప్పుడు గట్టిగానే వినిపించింది.

"చెయ్యి ఎవరిదని అడిగారు కదండీ. సింధూ, రావే."

సింధు నా పక్కనుంచి లేచింది. దేవుడితో పరిచయం లేని ఆ పిల్ల టకటకా నడిచి వెళ్లి, దీవెన వెనక నిలబడి, ఫోటోలో ఉన్నట్టే నల్లటి వాచీ ఉన్న చెయ్యి ఆమె భుజం మీద వేసింది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. చూసినవాళ్లకి ఇంకో మాట అక్కర్లేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

"మేడమ్ ఇదంతా ఫోన్లో తీస్తన్నారు" అంది దీవెన, నా వైపు చూపించి. నిజమే, దీవెన మైకు అందుకోకముందే సింధు ఫోన్ నా చేతిలో పెట్టి, ఎక్కడ నొక్కాలో చూపించింది. "గ్రూపులో పెడతాను. ఆ వీడియో మీరు ఎవరెవరికి పంపారో, వాళ్లందరికీ ఇదీ పంపండి. నా కోసం ప్రార్థన తర్వాత చేద్దురుగాని. ముందు పంపండి."

'ఆమెన్' ఎవరూ అనలేదు. చివరికి హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీసిన చప్పుడైంది. విమలాంటీ కళ్లజోడు పెట్టుకుని ఫోన్ తీసింది.

"గ్రూపులో పెట్టింది నేనేనమ్మా" అంది, మైకు లేకుండానే. "మా చెల్లికీ పంపాను, మా మరిది వాళ్లకీ పంపాను. ఇంకా ఎవరికి పంపానో... చూసి పంపుతాను. అందరికీ పంపుతాను."

ఆ తర్వాత అక్కడొకరూ ఇక్కడొకరూ ఫోన్లు తీశారు. అందరూ తీయలేదు. పాస్టరు గారు లేచి ఏదో చెప్పబోయి, మానేసి, చివరి పాట అన్నారు. పాటల బృందం నిలబడింది. దీవెన మైకు స్టాండులో పెట్టి, నేరుగా వెళ్లి, రెండో వరసలో తన పాత చోట నిలబడింది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. పక్కనున్న అమ్మాయి పాటల పుస్తకం కొంచెం ఇటు జరిపింది. ఆ గొంతు మళ్లీ విన్నాను, కాకినాడలో నా వరండాలో క్రియాపదాలు వల్లెవేసిన గొంతే.

బిర్యానీలో ఉప్పు తగ్గింది. ఆ మాట విమలాంటీతో అనకుండా రెండుసార్లు వడ్డించుకున్నాను.

తిరిగి వచ్చాక

సోమవారం నయాగరా వెళదామని సింధు పట్టుబట్టింది. బయల్దేరబోతుంటే దీవెనకి గోడౌన్ నుంచి షిఫ్టుకి రమ్మని మెసేజ్ వచ్చింది. ఆమె లేకుండా నీళ్లు చూడ్డానికి నాకు మనసొప్పలేదు. బదులుగా లంచ్ బాక్సులో పులిహోర కట్టి బస్టాపు దాకా దింపాను. ఈసారి పోపు పెట్టేటప్పుడు కిటికీ ముందే తెరిచాను.

పుస్తకం దీవెన దగ్గరే ఉంది. సింధుకి కథ చెబుతోందట, ముగింపు మీద ఇద్దరూ పోట్లాడుకుంటున్నారట. ఎర్ర సున్నా వీడియో ఇంకా ఉంది, ఛానల్ వాడు తీయలేదు. కిరణ్ ఒకరోజు ఫోన్ చేసి, "అత్తయ్యగారూ, ఆ రోజు భోజనానికి వచ్చినవాళ్లందరికీ దీవెన వీడియో పంపానండి" అన్నాడు. నిప్పూ పొగా మాట నేనూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

మొన్న మా ఎదురు ఫ్లాటు సుశీల గారు ఫోన్ పట్టుకుని వచ్చారు. గుమ్మంలోనే గొంతు తగ్గించి, "కెనడాలో ఏదో గొడవైన అమ్మాయి మీ స్టూడెంటేనంటగా? పాపం, చూడండి, నాకు ఇవాళే వచ్చింది" అన్నారు. అదే ఎర్ర సున్నా.

"నా స్టూడెంటే. లోపలికి రండి" అన్నాను.

"టీ టైముకి వచ్చినట్టున్నాను" అన్నారు ఆవిడ, పొయ్యి మీద గిన్నె చూసి.

కుర్చీ వేశాను. పొయ్యి కట్టేశాను. నా ఫోన్లో దీవెన సాక్ష్యం పెట్టి, సౌండు పూర్తిగా పెంచి, ఆవిడ చేతికిచ్చాను. మధ్యలో రెండుసార్లు లేవబోయారు. లేవనివ్వలేదు. సింధు చెయ్యి భుజం మీద పడి, ఆ పిల్ల 'ముందు పంపండి' అన్నాక ఆవిడ నా వంక చూశారు.

"అది మీకు పంపినవాళ్లకి ఇదీ పంపండి" అన్నాను. "ఈలోపు టీ పెడతాను."